రాగి కవచం

క్రీ.శ. 1836 జనవరి మాసం. లండన్ నగరంలోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థ ఉపన్యాస మందిరంలో ఒక వింత పంజరం వెలసింది. పొడవు, వెడల్పు, ఎత్తు పన్నెండేసి అడుగులు. తేలికపాటి కొయ్య చట్రం, దాని చుట్టూ రాగితీగల అల్లిక, ఆపైన కాగితం, తగరపు రేకు పట్టీలు. విద్యుత్తు నేలలోకి జారిపోకుండా దానిని ప్రత్యేకమైన ఆధారాలపై నిలిపారు. ఒక పెద్ద యంత్రంతో పంజరానికి విద్యుత్తు ఎక్కించగా వెలుపలి గోడల నుండి నిప్పురవ్వలు చిటపటమని ఎగిశాయి. ఆ రవ్వల నడుమ, పంజరం లోపల, నలభై నాలుగేళ్ళ వ్యక్తి ఒకడు నిశ్చింతగా నిలబడి ఉన్నాడు. వెలిగించిన కొవ్వొత్తులను, విద్యుత్తు జాడ సోకితే చాలు చలించే సున్నితమైన పరికరాలను వెంట తీసుకుపోయాడు. అవి ఆవగింజంతైనా కదలలేదు. వెలుపల ఎంత కోలాహలం ఉన్నా లోపల విద్యుత్తు లేనే లేదు. ఆ వ్యక్తి పేరు మైకేల్ ఫారడే. ఆ పంజరాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

మన ఇతిహాస పురాణాలలో కవచాలకు కొదవ లేదు. ప్రతి కవచానికీ ఒక హద్దు ఉంటుందని కూడా ఆ కథలే చెబుతాయి. గాంధారి చూపుతో వజ్రకాయుడైన దుర్యోధనునికి తొడలు మిగిలిపోయాయని జనశ్రుతి. ఈ రాగి కవచానికీ అటువంటి హద్దు ఉంది. ఆనాడు ఫారడే తనతోపాటు ఒక దిక్సూచిని లోపలికి తీసుకువెళ్ళి ఉంటే, దాని ముల్లు వెలుపల ఎలా ఉండేదో లోపల కూడా అలాగే ఉత్తరం వైపే చూస్తూ ఉండేది. భూమి అయస్కాంత బలం రాగిని ఏ ఆటంకమూ లేకుండా దాటిపోతుంది. అలాగని అయస్కాంతానికీ రాగికీ ఏ సంబంధమూ లేదనుకుంటే అదీ పొరపాటే. ఉన్నది ఏ సంబంధం, అది ఎప్పుడు మేల్కొంటుంది, ఎప్పుడు నిద్రిస్తుంది అన్న ప్రశ్న ఫారడే జీవితంలో ఇరవై ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ తలెత్తింది.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్‌కు దక్షిణాన ఉన్న న్యూయింగ్‌టన్ బట్స్‌లో జన్మించాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. తల్లి మార్గరెట్. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. తండ్రికి ఆరోగ్యం అంతంతమాత్రం. కొలిమి వెలగని రోజున ఇంట్లో పొయ్యి వెలగడమూ కష్టమే. ధాన్యం ధరలు మండిపోయిన 1801లో ఆ పిల్లవానికి వారానికి ఒక్క రొట్టె ఇచ్చి, దానితోనే గడుపుకోమన్నారట. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు, ఇంతటితో బడి చదువు ముగిసింది. గణితం లోతుగా నేర్చుకునే అవకాశం ఆయనకు జీవితాంతం చిక్కలేదు. శాస్త్రవేత్తకు ఇది చిన్న లోపమేమీ కాదు. కానీ ఆ లోపమే ఆయనను సూత్రాలకు బదులు కంటికి కనిపించే రేఖలతో ఆలోచించేటట్టు చేసింది.

పదమూడవ ఏట జార్జ్ రీబో అనే పుస్తక వ్యాపారి దగ్గర వార్తాపత్రికలు అందించే పనికి చేరాడు. మరుసటి ఏడు అక్కడే పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పనిలో ఏడేళ్ళ శిష్యరికానికి కుదిరాడు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను చదవకుండా వదలలేదు. ఒక విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తును గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే విదుషీమణి రచించిన రసాయనశాస్త్ర సంభాషణల గ్రంథం ఆయనకు తొలి గురువులు. చదివినదాన్ని అలాగే నమ్మలేదు. కూడబెట్టిన చిల్లరతో సీసాలు, రసాయనాలు కొని పరీక్షించి చూసుకున్నాడు. ఊళ్ళో జరిగే విజ్ఞాన ప్రసంగాలు వినడానికి ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. ఆ షిల్లింగు అన్న రాబర్ట్ ఇచ్చేవాడు. కమ్మరి కొలిమిలో చెమటోడ్చిన అన్న తమ్ముని కోసం వెచ్చించిన ఆ నాణేలకు లెక్క కట్టడం ఎవరి తరం?

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు టిక్కెట్లు ఇచ్చాడు. డేవీ ఆనాటి రసాయనశాస్త్రానికి మకుటం లేని మహారాజు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా శుభ్రంగా రాసి, బొమ్మలు గీసి, సుమారు మూడు వందల పుటల గ్రంథంగా తన చేతులతోనే కుట్టి డేవీకి పంపాడు. చేతనైన విద్యతోనే గురువును వెతుక్కున్నాడన్నమాట. 1813 మార్చి 1న డేవీ ఆయనను ప్రయోగశాలలో సహాయకునిగా చేర్చుకున్నాడు. జీతంతోపాటు మేడపైన రెండు గదులు దొరికాయి.

ఆ ఏడాది అక్టోబరులో డేవీ దంపతులు ఐరోపా యాత్రకు బయలుదేరుతూ ఫారడేను వెంట తీసుకుపోయారు. ఏడాదిన్నర సాగిన ఆ యాత్రలో ఆంపియర్, వోల్టా వంటి మహామహులను చూసే భాగ్యం కలిగింది. కానీ సేవకుడు రానందున ఆ పనులూ ఫారడే నెత్తిన పడ్డాయి. డేవీ భార్య ఆయనను పరిచారకునిగానే చూసింది. తిరిగి వెళ్ళిపోదామని పలుమార్లు అనుకున్నాడు. నేర్చుకోవలసింది ఇంకా ఉందని ఆగాడు.

గురుశిష్యుల కథ ఆపైన కూడా సాఫీగా సాగలేదు. 1820లో డెన్మార్క్ దేశస్థుడు ఆయర్‌స్టెడ్, విద్యుత్ప్రవాహం గల తీగ పక్కన దిక్సూచి ముల్లు పక్కకు తిరుగుతుందని కనిపెట్టాడు. మరుసటి ఏడు ఫారడే, విద్యుత్తు ప్రవహించే తీగ అయస్కాంతం చుట్టూ నిరంతరం తిరిగేటట్టు చేశాడు. ఆ ఆలోచన వొలాస్టన్ అనే పెద్దదని, ఫారడే చెప్పకుండా వాడుకున్నాడని నింద పుట్టింది. 1824 జనవరిలో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఫారడే పేరు వచ్చినప్పుడు ఆ సంస్థ అధ్యక్షుడైన డేవీ అడ్డుపడ్డాడు. చివరకు ఒక్క ఓటు మాత్రమే వ్యతిరేకంగా పడగా ఫారడే ఎన్నికయ్యాడు. ఏకలవ్యుని బొటనవేలు అడిగిన ద్రోణుడు మనకు గుర్తుకు రాక మానడు. అయితే ఫారడే తన జీవితంలో ఏనాడూ డేవీని దూషించలేదు. ఆ సంయమనం ఆయన మతనిష్ఠ నుండి వచ్చిందని కొందరంటారు. శాండెమేనియన్లు అనే చిన్న క్రైస్తవ శాఖకు ఆయన చెందినవాడు. 1821లో ఆ శాఖకే చెందిన సారా బార్నార్డ్‌ను వివాహమాడాడు. వారికి సంతానం లేదు.

ఇక్కడ కొంతసేపు ఫారడేను విడిచి పారిస్ నగరానికి వెళ్ళాలి. అక్కడ గాంబే అనే పరికర నిర్మాత చేసిన దిక్సూచులలో ఒక విశేషం కనిపించింది. ముల్లును కదిలిస్తే అది చాలాసేపు అటూ ఇటూ ఊగి నిలవడం సహజం. కానీ రాగి పెట్టెలో అమర్చిన ముల్లు ఎవరో పట్టుకుని ఆపినట్టు త్వరగా నిలిచిపోతున్నది. ఫ్రాన్సు శాస్త్రవేత్త అరాగో దీనిని 1824లో పరిశీలించాడు. ఆపైన ఇంకొక అడుగు ముందుకు వేసి, రాగి చక్రాన్ని వేగంగా తిప్పి, దానిపైన ముల్లును వేలాడదీశాడు. గాలి తగలకుండా మధ్యలో అడ్డు పెట్టినా ముల్లు చక్రంతోపాటు తిరగసాగింది. చక్రం ఆగితే ముల్లూ ఆగి, ఉత్తరం వైపుకు తిరిగిపోయింది.

ఇందులో చోద్యమేమిటంటే, రాగిని అయస్కాంతం ఆకర్షించదు. ఇనుప మేకును అంటుకున్నట్టు అయస్కాంతం రాగి చెంబును అంటుకోదు. నిశ్చలంగా ఉన్నప్పుడు పరస్పరం పలకరించుకోని ఈ రెండూ, ఒకటి కదలగానే ఎలా బంధువులయ్యాయి? ఇంగ్లండులో బాబేజ్, హెర్షెల్ అనే ఇద్దరు 1825లో దీనిని తలకిందులు చేసి చూశారు. కింద అయస్కాంతాన్ని తిప్పితే పైనున్న రాగి చక్రం దానివెంట తిరిగింది. చక్రానికి కేంద్రం నుండి అంచుదాకా గాట్లు పెడితే ఆ బలం సన్నగిల్లింది. గాట్లను లోహంతో అతికితే తిరిగి వచ్చింది. ఈ గాట్ల సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది అరాగోకు రాయల్ సొసైటీ కోప్లే పతకం లభించింది. పతకమైతే వచ్చింది గానీ, కారణం మాత్రం ఎవరికీ తెలియలేదు.

విద్యుత్తు వలన అయస్కాంతత్వం పుడుతున్నప్పుడు, అయస్కాంతం వలన విద్యుత్తు ఎందుకు పుట్టదు? ఈ ప్రశ్న ఫారడేను చాలాకాలం వేధించింది. తీగచుట్ట పక్కన అయస్కాంతాన్ని ఉంచి చూశాడు, ఫలితం లేదు. ఒక తీగలో విద్యుత్తును ప్రవహింపజేసి పక్క తీగను పరీక్షించాడు, ఫలితం లేదు. 1824 నుండి 1828 వరకు ఆయన ప్రయోగ దినచర్యలో ఇటువంటి వైఫల్యాలు నమోదై ఉన్నాయి. అందరూ చేసిన పొరపాటు ఒక్కటే. నిలకడగా ఉన్న అయస్కాంతం నుండి నిలకడైన విద్యుత్తు వస్తుందని ఎదురుచూశారు. జెనీవా నగరంలో కొలాడన్ అనే యువకుడు 1825లో దాదాపు విజయం ముంగిట నిలిచాడు. తన అయస్కాంతం ప్రభావం కొలత పరికరంపై పడకూడదని ఆ పరికరాన్ని పక్క గదిలో ఉంచాడు. ఇక్కడ అయస్కాంతాన్ని తీగచుట్టలోకి చొప్పించి, ఆ గదికి నడిచి వెళ్ళేసరికి ముల్లు తన కదలిక ముగించుకుని యథాస్థానంలో కూర్చుంది. అది కదిలిన క్షణంలో చూసేవారు ఆ గదిలో లేరు. శాస్త్ర చరిత్రలో ఇంతకంటే జాలిగొలిపే నడక మరొకటి లేదేమో!

1831 ఆగస్టు 29న ఫారడే మెత్తని ఇనుముతో చేసిన, ఆరంగుళాల వ్యాసం గల వలయానికి రెండు వైపులా రెండు రాగితీగ చుట్టలు చుట్టాడు. ఒక చుట్టను బ్యాటరీకి, రెండవదానిని ముల్లు వద్దకు కలిపాడు. బ్యాటరీని తగిలించిన క్షణంలో ముల్లు తటాలున కదిలి నిలిచింది. విద్యుత్తు ప్రవహిస్తున్నంతసేపూ చలనం లేదు. తీగను విడదీయగానే ముల్లు మళ్ళీ, ఈసారి ఎదురు దిశలో, కదిలింది. అక్టోబరు 17న అయస్కాంత కడ్డీని ఒక తీగచుట్టలోకి దూర్చినప్పుడు, వెలికి లాగినప్పుడు కూడా ఇదే జరిగింది. అయస్కాంతం ఉండడం వలన విద్యుత్తు పుట్టడం లేదు. అది మారడం వలన పుడుతున్నది. సంవత్సరాల వెదుకులాటకు జవాబు ఈ ఒక్క క్రియాపదంలో ఉంది.

అప్పుడు అరాగో చక్రం ఆయనకు మనసులో మెదిలింది. రాయల్ సొసైటీకి చెందిన ఒక బృహదయస్కాంతం ఆ రోజులలో వూలిచ్‌లో క్రిస్టీ అనే ఆచార్యుని ఇంట్లో ఉండేది. సుమారు 450 ఉక్కు అయస్కాంత కడ్డీలను ఒక పెట్టెలో పేర్చి చేసినది అది. అక్టోబరు 28న ఫారడే అక్కడికి వెళ్ళి, దాని ధ్రువాల నడుమ పన్నెండు అంగుళాల రాగి చక్రాన్ని తిప్పాడు. ఇరుసుకు ఒక తీగ, అంచుకు ఒక తీగ తాకించి గాల్వనోమీటరుకు కలపగా దాని ముల్లు పక్కకు ఒరిగి, చక్రం తిరుగుతున్నంతసేపూ అలాగే నిలిచింది. ప్రపంచంలో మొదటి విద్యుజ్జనకం అదే. కానీ ఫారడేకు ఆ క్షణాన ఎక్కువ తృప్తినిచ్చింది అరాగో చిక్కుముడి వీడిపోవడమే.

విషయం ఇది. అయస్కాంతం ముందు లోహం కదిలినా, లోహం ముందు అయస్కాంతం కదిలినా, ఆ లోహంలో విద్యుత్ప్రవాహాలు పుడతాయి. వాటికి వేరే తీగలు అక్కరలేదు. నదిలో సుడిగుండాల వలె లోహం మందంలోనే అవి గుండ్రంగా తిరుగుతాయి. అందుకే వాటిని సుడి ప్రవాహాలు అంటారు. ప్రవాహమున్న చోట అయస్కాంతత్వం ఉంటుంది కనుక రాగి ఆ కొద్దిసేపూ తానే అయస్కాంతంగా వ్యవహరించి, తనను కదిలించిన కదలికకే అడ్డు తగులుతుంది. ఇలా ఎదిరించే దిశలోనే అది పనిచేస్తుందన్న నియమాన్ని 1834లో లెంజ్ స్థిరపరచాడు. గాట్లు పెడితే సుడులకు దారి తెగిపోతుంది. అతికితే తిరిగి దొరుకుతుంది. రాగి పెట్టెలోని దిక్సూచి ముల్లు త్వరగా నిలవడానికి ఇదే కారణం. మన ఇళ్ళ గోడలకు ఉండే పాతకాలపు కరెంటు మీటరులో సన్నని అల్యూమినియం చక్రం తిరుగుతుండడం చాలామంది చూసే ఉంటారు. ఆ చక్రం అదుపు తప్పి తిరగకుండా దాని అంచును కౌగిలించినట్టు ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. తాకకుండానే అది పగ్గం వేస్తుంది.

మరి కదలికను ఇలా ఎదిరించగల రాగి, అయస్కాంత ప్రభావానికి అడ్డుగోడ కాగలదా? 1838లో ఫారడే ఈ ప్రశ్నను సూటిగా పరీక్షించాడు. రెండు తీగచుట్టల మధ్య గాలిని, గంధకాన్ని, లక్కను, చివరకు రాగిని కూడా ఉంచి చూశాడు. మొదటి చుట్టలో విద్యుత్తును తగిలించినప్పుడు, తొలగించినప్పుడు రెండవ చుట్టకు కలిపిన గాల్వనోమీటరు ముల్లు ఎంత జరుగుతుందో గమనించాడు. మధ్యలో ఏది ఉన్నా ముల్లు జరిగిన దూరంలో భేదం లేదు. రాగి అయినా, అయస్కాంతానికి అంటని ఇతర లోహాలైనా గాలితో సమానమేనని ఆయన ప్రకటించాడు.

అదే ఏడాది అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున జోసెఫ్ హెన్రీ అందుకు విరుద్ధమైన ఫలితాన్ని ప్రకటించాడు. హెన్రీ కూడా పేదింటి బిడ్డడే. గడియారాల పనివాని వద్ద శిష్యరికం చేసి, ఒక పుస్తకం చదివి శాస్త్రం వైపు మళ్ళినవాడే. అయస్కాంతంతో విద్యుత్తు పుట్టించే రహస్యాన్ని ఫారడేతో ప్రమేయం లేకుండా కనుగొని కూడా ప్రకటించడంలో ఆలస్యం చేసి ఆ కీర్తిని పోగొట్టుకున్నాడు. 1837లో లండన్ వచ్చి ఫారడేను కలిశాడు. ఆయన తన ప్రయోగంలో ముల్లుకు బదులు తన చేతులనే ఉపయోగించాడు. రెండవ తీగచుట్ట కొనలను రెండు చేతులతో పట్టుకుని, మొదటి చుట్టలో విద్యుత్తును తెంచగానే తగిలే విద్యుదాఘాతాన్ని కొలతగా తీసుకున్నాడు. మధ్యలో లోహపు పలక పెడితే ఆ తాకిడి దాదాపు మాయమైంది! సీసపు పలకను ఒకచోట కేంద్రం నుండి అంచుదాకా కోసి పెడితే తాకిడి మళ్ళీ పూర్తిగా తగిలింది. సుడి తిరిగే దారి తెగింది, కవచం భగ్నమైంది.

ఇద్దరూ నిజాయితీపరులు, ఇద్దరూ నేర్పరులు. ఒకరు రాగి అడ్డుకోదంటారు, ఒకరు లోహం అడ్డుకుంటుందంటారు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదని హెన్రీయే తరువాత విడమరచి చెప్పాడు. పలకలోని సుడి ప్రవాహం పుట్టినప్పుడు ప్రభావాన్ని ఆపుతుంది. అది తగ్గిపోతూ ఆపినదానిని మెల్లగా తిరిగి ఇచ్చేస్తుంది. నిదానంగా స్పందించే గాల్వనోమీటరు ముల్లు మొత్తాన్ని కూడి చూపిస్తుంది కనుక దానికి తేడా తెలియలేదు. మనిషి నరాలు వేగానికి స్పందిస్తాయి. ఆ ఉరవడి తగ్గింది కనుక తాకిడి తెలియలేదు. ఏటికి అడ్డంగా వేసిన ఇసుక కట్ట నీటిని పూర్తిగా ఆపలేదు, కానీ వరద పోటును విరుస్తుంది. నాన్‌మాగ్నెటిక్ లోహం అయస్కాంత బలానికి ఇచ్చే రక్షణ ఇటువంటిది. మార్పు ఎంత వేగంగా ఉంటే రాగి అంత గట్టి కవచం. మార్పు మందగించేకొద్దీ కవచం పలుచబడుతుంది. మార్పు ఆగితే కవచమే లేదు. సుడి ప్రవాహాలు పుట్టించిన సూత్రకర్తకు తన సూత్రమే రాగి పలకలో దాగి ఉన్నదని స్ఫురించకపోవడం ఆశ్చర్యంగా తోస్తుంది. మహాకవులకు కూడా తమ పద్యంలోని శ్లేష వ్యాఖ్యాత చెప్పేదాకా తెలియని సందర్భాలున్నాయి కదా!

ఈ భేదాన్ని నేడు అంకెలలో చెప్పగలుగుతున్నాం. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఆవృత్తమవుతుంది. ఆ వేగానికి మారే అయస్కాంత బలం రాగిలో సుమారు 9 మిల్లీమీటర్ల లోతుకు చేరేసరికి మూడింట ఒక వంతుకు కొంచెం పైగా మిగులుతుంది. అంటే పలుచని రాగిరేకు దానికి దాదాపు లెక్కలోకి రాదు. సెకనుకు పది లక్షల సార్లు మారే రేడియో తరంగానికైతే ఆ లోతు మిల్లీమీటరులో పదిహేనవ వంతు మాత్రమే, రేకు చాలు. ఎం.ఆర్.ఐ. స్కానింగు చేసే ఆసుపత్రి గది గోడలకు రాగిరేకు తొడుగుతారు. అది బయటి రేడియో తరంగాలను లోపలికి రానివ్వదు. కానీ లోపలి మహా అయస్కాంతపు నిలకడైన బలాన్ని అది అణుమాత్రం ఆపదు. భూమి అయస్కాంత బలానికి దాదాపు ముప్పై వేల రెట్లుండే ఆ బలం ఇనుప కుర్చీలను, ఆక్సిజన్ సిలిండర్లను లాక్కోగలదు. దానిని అదుపులో పెట్టాలంటే ఇనుమును ఆశ్రయించవలసిందే. ఇనుము కూడా ఆ బలాన్ని మింగివేయదు; తన మేనిలోకి లాక్కుని పక్కదారి పట్టిస్తుంది. రాగి గోడలను నమ్మి ఇనుప వస్తువుతో ఆ గదిలో అడుగుపెట్టిన వానికి ప్రాణాపాయం తప్పదు.

ఫారడే కథకు తిరిగి వద్దాం. విరామమెరుగని శ్రమ వలన 1839 ప్రాంతంలో ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. తలతిరుగుడు, మతిమరపు ఆవరించాయి. 1841లో భార్యతో స్విట్జర్లాండ్ వెళ్ళి కొంతకాలం విశ్రమించాడు. అక్కడ ఒక పల్లెలో మేకులు తయారు చేసేవారిని చూసి, కమ్మరి కొలిమి అంటే తనకున్న ఇష్టాన్ని, తన తండ్రి కమ్మరి అన్న సంగతిని దినచర్యలో రాసుకున్నాడు. అప్పటికి ఐరోపా అంతా ఆయన పేరు మారుమోగుతున్నది.

కోలుకున్న తరువాత 1845లో మళ్ళీ అయస్కాంతం చేపట్టాడు. సెప్టెంబరులో అయస్కాంత బలం కాంతిపై ప్రభావం చూపుతుందని నిరూపించాడు. నవంబరులో ఇంకొక వింత బయటపడింది. బలమైన విద్యుదయస్కాంతపు ధ్రువాల నడుమ వేలాడదీసిన బరువైన గాజు కడ్డీ ఆకర్షణకు లోనుకాకపోగా అడ్డంగా తిరిగి నిలిచింది. బిస్మత్ లోహం మరింత స్పష్టంగా వెనుకకు జరిగింది. అయస్కాంతంతో ఏ సంబంధమూ లేదనుకున్న పదార్థాలు కూడా ఎంతో కొంత స్పందిస్తాయని, వాటిలో చాలావాటిని అయస్కాంతం అతి స్వల్పంగా వికర్షిస్తుందని తేలింది. వాటికి డయా అయస్కాంత పదార్థాలని పేరు. రాగి కూడా ఆ కోవకు చెందినదే. అయితే రాగితో ప్రయోగం ఆయనను చాలా తికమక పెట్టింది. విద్యుదయస్కాంతాన్ని మేల్కొలిపినప్పుడు రాగి కడ్డీ తిరగడం ప్రారంభించి నడిమధ్యలో చప్పున నిలిచిపోయేది. ధ్రువాల నడుమ తేనెలో చిక్కినట్టు కదలక మెదలక ఉండేది. విద్యుత్తును తొలగించిన క్షణంలో ఎవరో తోసినట్టు వెనుకకు గిరుక్కున తిరిగేది. ఈ విడ్డూరాలన్నీ క్షణికమైన సుడి ప్రవాహాల పనేనని, రాగి సహజమైన వికర్షణ వాటి చాటున ఎంతో బలహీనంగా దాగి ఉందని ఆయన ఓపికతో విడదీసి చూపాడు. పదేళ్ళ తరువాత 1855లో ఫూకో, బలమైన అయస్కాంతం నడుమ బలవంతంగా తిప్పిన రాగి చక్రం వేడెక్కుతుందని చూపించాడు. రాగి ఎదిరింపు ఉచితంగా దొరికేది కాదు. తిప్పేవాడి శ్రమ వేడిగా మారుతుంది.

ఆయన గీసిన బలరేఖలను గణితజ్ఞులు చాలాకాలం చిన్నచూపు చూశారు. మాక్స్‌వెల్ అనే యువకుడు 1855-56లో వాటికి గణిత రూపమిచ్చి వ్యాసం రాసి పంపినప్పుడు ఫారడే ఎంతో సంతోషించాడు. గణితం రాని తనకు ఆ ఫలితాలను సాధారణ భాషలో కూడా చెప్పి పంపవచ్చు కదా అని మాక్స్‌వెల్‌ను మృదువుగా అడిగాడు. అరవై ఆరేళ్ళ వయసులో, అంత కీర్తి ఉండి, తనకు తెలియనిది తెలియదని చెప్పుకోవడానికి ఆయన సందేహించలేదు.

రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు ఆయన ముంగిటికి వచ్చింది, కాదన్నాడు. సర్ బిరుదునూ వద్దన్నాడు. కానీ బాలబాలికల కోసం క్రిస్మస్ రోజులలో ఉపన్యాసాలు ఇవ్వడానికి మాత్రం ఎన్నడూ వెనుదీయలేదు. 1860-61 శీతకాలంలో ఆఖరిసారి వారి ముందు నిలిచి, కొవ్వొత్తిని గూర్చి చెప్పాడు. అప్పటికే జ్ఞాపకశక్తి సడలింది. తాను చేసిన ప్రయోగాన్నే మరచి తిరిగి మొదలుపెట్టిన సందర్భాలు ఉన్నాయి. ప్రపంచానికి విద్యుత్తును ఇచ్చిన మనసు తన జ్ఞాపకాలకు కవచం వేసుకోలేకపోయింది.

1858 నుండి రాణి విక్టోరియా ఇచ్చిన ఇంట్లో, హాంప్టన్ కోర్ట్‌లో నివసించాడు. చివరి సంవత్సరాలలో మాటలు తగ్గిపోయాయి. 1867 ఆగస్టు 25న తన పడకకుర్చీలో కూర్చునే కన్నుమూశాడు. హైగేట్ శ్మశానవాటికలో, ఆడంబరాలేవీ లేని సమాధిపై ఆయన పేరు, తేదీలు చెక్కి ఉన్నాయి. 1831 నాటి ఇనుప వలయం రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రంగా ఉంది. దాని చుట్టూ ఫారడే చుట్టిన రాగితీగ, దానికి తొడిగిన నూలుబట్ట కొంత శిథిలమైనా, నేటికీ అలాగే ఉన్నాయి.